చీకటి కబురు

ఆగస్టు 14, బుధవారం

పూజ్యులైన పెద్దన్నయ్యకు,

ప్రభువు నామాన వందనాలు చేసి నీ తమ్ముడు విన్నవించు సంగతులు.

ఇక్కడ నేనూ మా ఇంటావిడా క్షేమం. నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను. నీ సంఘం క్షేమం అడగను. కాపరికి ఎదురుచెప్పే గొర్రె ఒక్కటీ మిగల్లేదట కదా, ఇంకేం లోటు? నా టైలరు కొట్టు మూసేశాను. ఈమధ్య నడుస్తుంటే భుజాలు గుమ్మాలకు కొట్టుకుంటున్నాయి, వయసు మీద పడుతోంది. అది వేరే సంగతి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మన ఆఖరి తమ్ముడు చిన్నోడి పేరు సంఘంలోంచి కొట్టేస్తారనీ, మర్నాడు నీ కార్ఖానాలో వాడి పీట ఇంకొకడికి ఇస్తావనీ తెలిసింది. మత్తుమాత్రలకు మరిగినవాడని నలుగురిలో ముద్ర వేశాక, పేము కుర్చీ అల్లడానికి వాణ్ణి ఇంకెవరు పిలుస్తారు? కళ్లు లేనివాడికి వేళ్లే ఆస్తి. నువ్వు ఆ వేళ్లు కూడా తెగ్గొడుతున్నావు.

అన్నయ్యా, నేను బడి మొహం సరిగ్గా చూసినవాణ్ణి కాదు. కుట్టుమిషను తొక్కుతూ లేఖనాలు చదువుకున్నవాణ్ణి. అందుకే ఈ మధ్య తెలుసుకున్నది నాకు తెలిసిన మాటల్లోనే చెబుతాను, చివరిదాకా చదువు.

మన తల మధ్యలో బియ్యపు గింజంత గ్రంథి ఒకటి ఉంది. చీకటి పడిందని కంటినుంచి కబురు అందగానే అది మెలటోనిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. వెలుగు పడితే ఆపేస్తుంది. ఆ రసం ఒళ్లంతా తిరుగుతుంది గాని, దాని మాట వినేవి కొన్ని కణాలే. విత్తువాడు నాలుగు దిక్కులా చల్లినా మొలిచేది మంచి నేలలోనే కదా, అలాగ. ఆ వినే చెవుల్ని గ్రాహకాలు అంటారు. మెదడులో మన ఒంటి గడియారం ఉన్నచోట అవి రెండు రకాలు. ఒకటి గడియారాన్ని జోకొట్టి ఇక రాత్రి అయింది, పడుకో అంటుంది. రెండోది ముల్లును ముందుకో వెనక్కో జరుపుతుంది. రక్తనాళాల్లో కూడా ఈ చెవులు ఉన్నాయట. సృష్టికర్త రాత్రికి ఎంత మర్యాద చేశాడో చూడు.

ఇప్పుడు చిన్నోడి సంగతి. ఇరవై దాటగానే నీటికాసులతో, అదే డాక్టర్లు గ్లాకోమా అనే జబ్బుతో, వాడి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. వెలుగు కబురు మోసే నరం చచ్చిపోయింది. కబురు లేని గడియారం రోజుకి కాస్త కాస్త వెనకబడుతూ పోయింది. కొన్ని వారాలు అందరిలా రాత్రి పడుకుని పొద్దున లేచేవాడు. కొన్ని వారాలు రాత్రంతా జాగారం, పగలంతా తూగు. నువ్వు ఆ మంచి వారాల్ని చూసి ఏమన్నావో గుర్తుందా? బుద్ధి పుట్టినప్పుడు మెలకువగానే ఉంటాడు, మిగతాదంతా ఒళ్లు బరువు అన్నావు. అల్లుతూ అల్లుతూ పేము మీదే తల వాల్చేస్తే, బెత్తం నా చేతిలోనూ ఉంది అన్నావట. కార్ఖానా అంతా నవ్విందట.

మన సంఘంలో ఆరాధనలో నిద్రపోయినవాణ్ణి పెద్ద దీపానికి ఎదురుగా నిలబెట్టే ఆచారం ఒకటి ఉంది. నాన్న పెట్టింది. నువ్వు చిన్నోణ్ణి కూడా నిలబెట్టావు. గుడ్డివాణ్ణి తెచ్చి దీపం ఎదుట! వేడి తగిలి వాడు మొహం తిప్పుకుంటే, చూడండి, వెలుగును ద్వేషిస్తున్నాడు అన్నావు. పూర్వం ఒక అపొస్తలుడు పొద్దుపోయేదాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న పడుచువాడు నిద్రపోయి కింద పడ్డాడు. అపొస్తలుడు తన ప్రసంగం ఆపి, దిగి వెళ్లి వాణ్ణి కౌగిలించుకున్నాడు. నువ్వయితే ముందు వాడి పేరు కొట్టేసి ఉండేవాడివి.

ఇక అసలు ఘోరానికి వస్తాను. కంటి డాక్టరమ్మ చిన్నోడికి మెలటోనిన్ మాత్రలు రాసి, రోజూ ఒకే వేళకి, రాత్రి పడుకోబోయే ముందు వేయమంది. చీకటి కబురు కంటినుంచి రాదు కనక నోటినుంచి పంపడమన్నమాట. కానీ మన ఇంట్లో ఏ మందైనా పొద్దున ప్రార్థన అయ్యాక, చెయ్యి పెట్టి ఆశీర్వదించిన తర్వాతే నోట్లో పడాలి. అమ్మ జ్వరం మందు దగ్గర్నుంచి అదే పద్ధతి. పాపం వదిన డాక్టరమ్మ మాట గుర్తుచేసిందట. దేవుడి వేళ ముందా, డాక్టరు వేళ ముందా అని నోరు మూయించావట. రోజూ పొద్దెక్కే వేళ వాడి ఒంటికి రాత్రి అయిందని దండోరా వేయించావు. గడియారం ముల్లు ఎటు జరగాలో దానికి ఎదురు జరిగింది. వాడు మునుపటికన్నా ఎక్కువ నిద్రపోయాడు. చివరికి మాత్రల సీసా అందరి ముందూ ఎత్తి చూపించి, ఇదిగో వీడి దేవుడు అన్నావు.

వాడు ఆ రోజే నా దగ్గరికి వచ్చాడు. నేనూ మొదట నీ మాటే నమ్మాను, నీ నోట్లోంచి వచ్చింది కనక. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆమె అడిగిన మొదటి మాట, మాత్ర ఏ వేళకి వేస్తున్నారు అని. చిన్నోడు చెప్పాడు. ఆమె కలం కింద పెట్టి నావైపు చూసిన చూపు నీకు పడాల్సింది, నాకు పడింది. ఇప్పుడు రాత్రి పూటే వేస్తున్నాం. నెలలు పట్టింది గాని వాడి రాత్రి వాడికి దొరికింది. పొద్దున మా ఇంటావిడకన్నా ముందు లేచి పాటలు పాడుతున్నాడు, ఆవిడ విసుక్కుంటోంది.

తన ప్రియులకు దేవుడిచ్చేది నిద్రేనని లేఖనం. ఆ ఈవికి నువ్వు వేళ మార్చావు. ఆదివారం సంఘం ఎదుట నిలబడి ఒక్క మాట చెప్పు: తప్పు మాత్రది కాదు, వాడిదీ కాదు, వేళ మార్చిన చేతిది. చెప్పకపోతే నేను వచ్చి చెబుతాను. నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో నీకు తెలుసు.

ఇట్లు,
నీకు తమ్ముడినని చెప్పుకోవడానికి ఆదివారం దాకా ఆగుతున్నవాడు

తా.క.: పెద్దన్నయ్యా, నేను చిన్నోణ్ణి. చిన్నన్నయ్య చెబుతుంటే మాట్లాడే కంప్యూటరు మీద మొదట్నుంచీ టైపు చేసింది నేనే. శాపాలు రెండు వదిలేశాను. ఈ ముక్క రాస్తున్నట్టు ఆయనకి తెలియదు, చదివి చూసుకోలేడు. ఈమధ్య మళ్లీ నాకోసం వెళ్లిన రోజున, గుమ్మానికి గుద్దుకోవడం చూసి డాక్టరమ్మ ఆయన్నీ కుర్చీలో కూర్చోబెట్టింది. నా జబ్బే. కుడి కన్ను పోయింది, ఎడమది గొట్టంలోంచి చూసినట్టు కాస్త మిగిలింది. కొట్టు మూసింది అందుకే. ఒక తల్లి బిడ్డలకి రావచ్చట, మూడో ఆయన్ని వెంటనే పంపండి అంది. నొప్పి ఉండదు, తెలియనివ్వదు, ముందే పట్టుకుంటే కంటి చుక్కలతో ఆగుతుందట. ఇది రాద్దామంటే చిన్నన్నయ్య ఒప్పుకోలేదు. "వాడు భయపడి మారితే నాకొద్దురా, సిగ్గుపడి మారాలి" అన్నాడు. నా పేరు కొట్టేస్తే కొట్టెయ్. కళ్లు మాత్రం ఆదివారం లోపల చూపించుకో. చుక్కలు రాత్రి వేసుకోమంటే రాత్రే వేసుకో అన్నయ్యా, పొద్దున ప్రార్థన దాకా ఆగకు.