బాలసరస్వతక్క గీసిన భీమిలి

భీమిలి, మంగళవారం

బాలసరస్వతక్కకు నీ పక్కింటి నిర్మల దండాలు.

మొయినాబాదుల అందరు బాగున్నరనుకుంట. మా బిడ్డ సమత కాడికి మంచిగనే చేరిన. అది పొద్దుగాల బ్యాంకుకు పోతది, నేను నువ్వు గీసిచ్చిన పటం పట్టుకొని ఊరు చూడ పోతున్న. గీ ఊర్లె పుట్టిన మనిషి గీసింది, నాకేం ఫికర్ అనుకున్న. లైట్‌హౌస్ కాడ ఎడమకు తిరిగితే డచ్చోళ్ల సమాధులన్నవు. తిరిగిన. చేపలు ఎండబెట్టే నూకరత్నం వాకిట్ల తేలిన!

ఉంట, నిర్మల

ఇంకో మాట: నా ఫోన్ సముద్రంల పడ్డది. నువ్వు ఫోన్ చేస్తే చేపలెత్తాలె. ఉత్తరమే రాయి.

---

మొయినాబాద్, శనివారం

నిర్మలా, నీకు అక్క ఆశీస్సులు, కాస్త కోపం కూడా.

పటంలో తప్పేమీ లేదు. నువ్వే తలకిందులుగా పట్టుకుని ఉంటావు. నా పుట్టిల్లు నాకు తెలీదా? సముద్రం కుడిచేతి వైపు ఉండేలా నడు. గడియార స్తంభం దాటగానే పెద్ద జీళ్ల కొట్టు వస్తుంది. అక్కడ నా పేరు చెప్పు, మర్యాద చేస్తారు.

ప్రేమతో, బాలసరస్వతి

తా.క. నా పటానికి చేపల పులుసు అంటనీయకు.

---

భీమిలి, బుధవారం

అక్కా, మొక్కుత.

మా తల్లిగారి ఊరు ఆలూరు చేన్ల కండ్లు మూసుకొని నడిచేదాన్ని, గీడ కండ్లు తెరిచినా దారి దొరుకుత లేదు. సముద్రం కుడికి పెట్టుకొని గంట నడిస్తే మళ్ల నూకరత్నం వాకిలే! "వచ్చీసేవా వదినా? కూకో, అన్నం తిను" అన్నది. జీళ్ల కొట్టు ఎన్నడు లేదట. నీ పేరు చెప్పిన. నూకరత్నం తల్లి "ఆ మేడ మీద కిటికీ పిల్లా?" అన్నది. కిటికీ పిల్ల ఏందక్కా? నువ్వు నిజంగ గీ ఊర్లె తిరిగినవా? మన ఇరవై ఏండ్ల దోస్తీ మీద ఒట్టు, నిజం రాయి.

నీ నిర్మల

ఇంకో మాట: పటం మీద పులుసు పడ్డది. మరక పడ్డ కాడికి పోతే సమాధులు దొరికినయి.

---

మొయినాబాద్, ఆదివారం

నిర్మలా, నవ్వకుండా చదువు.

ఆ కిటికీ పిల్లను నేనే. పెళ్లయ్యేదాకా మా నాన్నగారు నన్ను గుమ్మం దాటనివ్వలేదు. అన్నయ్య రోజూ ఊరంతా తిరిగొచ్చి, చూసినవన్నీ చెప్పేవాడు. కిటికీ దగ్గర కూర్చుని వినేదాన్ని. వినీ వినీ, అవన్నీ నేనే చూశాననిపించేది. అవే నీకు గీసిచ్చాను. నీ మీద కేకలేసినందుకు క్షమించు.

నిన్న అన్నయ్యను నిలదీశాను. రోజూ సినిమాహాల్లో కూర్చునేవాడట! దారులూ, జీళ్ల కొట్టూ నన్ను సంతోషపెట్టడానికి కల్పించాడట. మా ఇంట్లో ఆ ఊరు చూసినవాళ్లే లేరని అరవై నాలుగేళ్లకు తెలిసింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

శుక్రవారం రైలెక్కుతున్నాను. విశాఖ స్టేషనుకు రా. నాకు మా ఊరు చూపించు.

నీ అక్క, బాలసరస్వతి

తా.క. అన్నయ్య కూడా వస్తున్నాడు. మనిద్దరికీ దారి తనే చూపిస్తాడట.