వినేవారికి కుర్చీ లేదన్న తొమ్మిదో నిబంధన గురించి

గ్రంథాలయాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాఠకుల ప్రవర్తనా నియమావళిలోని నాలుగు, తొమ్మిది నిబంధనల కింద నాకూ, మా అత్తగారికీ గ్రంథాలయ ప్రవేశం రద్దు చేసినందున, పునఃపరిశీలన కోరుట గురించి.

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కేంద్రంలో పని చేయుచున్నాను. గురువారం నాకు సెలవు. మా అత్తగారు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి విరమించినవారు. నీటికాసుల వ్యాధి వలన ఆమెకు రెండు కళ్ళూ పోయినవి. తమరు గత నెల తనిఖీకి వచ్చినపుడు పత్రికను తలకిందులుగా పట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఆమే. పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డది నేను. తమకు గుర్తుండే ఉంటుంది.

1. నాలుగో నిబంధన: “పఠన మందిరమున నిశ్శబ్దము పాటించవలెను. పైకి చదువరాదు.” దీనితో మాకు పేచీ లేదు. మొదటి రోజు హాల్లో ఒక మూల కూర్చుని మా అత్తగారి చెవిలో గుసగుసగా చదువుతుంటే, పేపరు చదివే పెద్దమనిషి ఒకాయన “ఇదేమన్నా రచ్చబండా?” అని కసురుకున్నారు. మేము లేచి వచ్చేస్తుండగా గ్రంథపాలకురాలు వెనకాలే వచ్చింది. “ఆయన మాటలకేం గానీ, ఇలా రండి” అని, వెనక వైపు చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే గది తాళం తీసి, ఫ్యాను వేసింది. ఆ గదిలో జిగురు వాసన, ఒక పొడుగుబల్ల, కాళ్ళు అతికించిన కుర్చీలు ఉన్నవి. తలుపు వేస్తే బయటికి ఒక్క అక్షరం వినపడదు. అక్కడ చదువుకోమని ఆమే చెప్పింది. మేము అడగలేదు.

2. ఇంట్లో చదువుకోవచ్చు కదా అని తమరు ఆనాడు అడిగారు. అప్పుడు జవాబు చెప్పే ధైర్యం లేకపోయింది, ఇప్పుడు రాస్తున్నాను. మాది రెండు గదుల వాటా. మా ఆయనకు మంచు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. చెంచా కింద పడినా లేచి కూర్చుంటాడు. పైగా మా అత్తగారు వినదలచిన నవల పుస్తకంగా రాలేదు. పాత వారపత్రికలు కలిపి కుట్టిన సంపుటాలలో మాత్రమే ఉన్నది. సంపుటాలు ఇంటికి ఇవ్వరాదని ఆరో నిబంధన.

ఆ నవలను ఆమె వయసులో ఉండగా డ్యూటీ గదిలో వారం వారం చదివేవారట. మధ్యలో కాన్పు రావడం, పసివాడి పెంపకంలో పడిపోవడం వలన చివరికి ఏమైనదో తెలియలేదు. ఆ పసివాడే మా ఆయన. “వీడి ధర్మమా అని నాకా కథ తెలీకుండా పోయింది” అని ఇప్పటికీ సణుగుతారు.

3. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు. అయినను రాయకపోతే మిగతాది తమకు అర్థం కాదు. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచీ మా అత్తగారికీ నాకూ ఉప్పూ నిప్పూ. అన్నం వడ్డించానంటే సరేనంటారు, మందు వేసుకున్నారా అంటే ఊఁ అంటారు. అంతే మా సంసారం. కళ్ళు పోయాక అదీ తగ్గింది. నా సాయం అడగవలసి వచ్చినందుకు ఆమెకు కోపం. ఆ కోపం నా మీద చూపినందుకు నాకు కోపం.

కథ మొదలుపెట్టాక ఇంటికి నడిచేటప్పుడు నా మోచేయి పట్టుకుని కథలో నాయిక గురించి వాదించడం మొదలుపెట్టారు.

“తెలివితక్కువది కాకపోతే, మొగుడు పోతానంటే గుమ్మానికి అడ్డం పడటమేంటే?”

“మీరైతే ఏం చేసేవారు?”

“చెప్పులు తెచ్చిచ్చేదాన్ని.”

నడిరోడ్డు మీద ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంటికి వచ్చి కూడా నవ్వు ఆగకపోతే మా ఆయన నిద్ర లేచి, “ఏమైంది మీ ఇద్దరికీ? ఒంట్లో బాగానే ఉందా?” అని కంగారు పడ్డాడు. అయ్యా, తమరు రద్దు చేసినది రెండు సభ్యత్వ కార్డులే అనుకున్నారు. మాకు మాత్రం ఇంట్లో మాట పడిపోయింది.

4. గ్రంథపాలకురాలి గురించి. మొదట జిగురు డబ్బా కోసమని వచ్చి గుమ్మంలో నిలబడేది. తరువాత సాకులు మానేసి కుర్చీ లాక్కుని కూర్చునేది. “ఒక్క నిమిషం ఆగండి, పుస్తకాలు తిరిగిచ్చేవాళ్ళు వచ్చారు, పంపించేసి వస్తా. నేను లేకుండా ముందుకెళ్ళారంటే ఊరుకోను” అని బెదిరించేది. మా అత్తగారు “త్వరగా రావే అమ్మాయ్” అని ఆగేవారు. ఒకసారి నాకు జలుబు చేసి గొంతు పూడుకుపోతే ఆమే చదివింది. చక్కని గొంతు. ఎవరి మాటలు వారివిగా పలికించింది. “నీకంటే బాగా చదివింది” అని మా అత్తగారు నా మొహం మీదే అన్నారు. నాకు కాస్త కుళ్ళు పుట్టిన మాట వాస్తవం. కానీ ఆ మాటా నిజమే.

5. తొమ్మిదో నిబంధన: “చదవని వారు గ్రంథాలయమున ఆసీనులు కారాదు.” ఈ బోర్డు తమ తనిఖీకి ముందే కొత్తగా వచ్చినది. తమరు బయలుదేరారని ఫోను రాగానే గ్రంథపాలకురాలు మా గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

“ఇక్కడుంటే బాగోదు, ముందు హాల్లోకి రండి. పెద్దమ్మా, ఈ పత్రిక ఊరికే చేతిలో పట్టుకుని కూర్చోండి. ఆయన ఇలా చూసి అలా వెళ్ళిపోతారు.”

“అలాగేలే, కంగారు పడకు” అన్నారు మా అత్తగారు. ఆమెను సముదాయించారు, అయ్యా. నేను సంపుటం బీరువాలో సర్ది వచ్చేసరికి తమరు ఎదురుగా నిలబడి ఉన్నారు.

“ఏం చదువుతున్నారమ్మా?” అన్నారు తమరు.

“నాకేం తెలుసు నాయనా? ఇక్కడి అమ్మాయి ఇచ్చింది, పట్టుకున్నాను.”

హాలంతా నవ్వింది. తమరు నవ్వలేదు, గ్రంథపాలకురాలి వైపు తిరిగారు. ఆమె ఏమన్నదో తమరు మరిచిపోయి ఉంటారు. మేము మరువలేదు.

“నేనివ్వలేదు సార్. వీళ్ళెవరో వారం వారం వచ్చి ఫ్యాను కింద కబుర్లు చెప్పుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టరు.”

“మరి వెనక గదిలో ఆ కుర్చీలేంటి?”

“వాళ్ళే తాళం తీసుకుని వేసుకున్నారు సార్. నాకు తెలీదు.”

తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతున్నది. తమరు చూడలేదు, నేను చూశాను. నేను నోరు తెరవబోతుండగా మా అత్తగారు నా చేయి నొక్కారు. పత్రిక మడిచి తడుముకుంటూ బల్ల మీద పెట్టి “పద” అన్నారు. మెట్లు దిగాక అడిగారు.

“ఆ మాటలన్నది ఎవరు?”

“ఆవిడే.”

“కాదు. ఆవిడ గొంతు అది కాదు.”

నేను వాదించలేదు. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాక మళ్ళీ అడిగారు. “నిజంగా ఆవిడేనా?” అవునన్నాను. “నాకిప్పుడు మనుషులంటే గొంతులేనే. ఆ గొంతే అలా మాట్లాడితే ఇంక దేన్ని పట్టుకుని నమ్మను?” అన్నారు. కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగారు.

6. ప్రస్తుతం గ్రంథాలయం గేటుకు “ప్రవేశం నిషేధింపబడినవారు” అను శీర్షికతో ఒక పలక వేలాడుచున్నది. అందులో మా ఇద్దరి పేర్లు, పుస్తకాల్లో బొమ్మలు కత్తిరించిన వాడికీ పాఠకుల చెప్పులు ఎత్తుకుపోయిన వాడికీ మధ్యన ఉన్నవి. మా కుట్టుకేంద్రం మేస్త్రీ అటుగా పోతూ చూసి, “ఏం చేశావమ్మా లైబ్రరీలో?” అని అందరి ముందూ అడిగాడు. “చదివాను” అన్నాను. నమ్మలేదు.

కావున తమరు దయయుంచి, సదరు పలక మీద నుంచి ముందుగా మా అత్తగారి పేరు తీసివేయించవలెను. నాది ఆలస్యమైనా ఫరవాలేదు. తొమ్మిదో నిబంధనలో “చదవని వారు” అన్న చోట “చదువుట గాని, వినుట గాని చేయని వారు” అని దిద్దించవలెను. అట్టల గదిలో గురువారం మాత్రం మమ్మల్ని కూర్చోనివ్వవలెను. తాళం ఎవరు తీసినా సరే. గ్రంథపాలకురాలి విషయమై తమకు ఏమి మనవి చేసుకోవాలో నాకు తోచలేదు. తోచినవి అర్జీలో రాయదగినవి కావు. ఆమె చెప్పినది నిజం కాదని తమరు ఎరిగితే చాలును.

ఇందులో రాయదగినవీ రాయదగనివీ ఏరి, దయతో చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
గేటు పలక మీద మూడో వరుస మనిషి.

తా.క.: పై అర్జీ రాసి, కవరు అంటించేలోగా గ్రంథపాలకురాలు మా ఇంటికి వచ్చింది. నవలలో మేము ఆగిన చోటు నుంచి ఒక ప్రకరణం కాగితాల మీద ఎత్తి రాసుకొచ్చింది. “ఆయన్ని చూసేసరికి భయమేసింది పెద్దమ్మా. ఇంట్లో నా ఉద్యోగం ఒక్కటే ఆధారం” అన్నది. “చదవనా?” అంటే మా అత్తగారు వద్దనలేదు. గుమ్మం దగ్గరే కూర్చుని, లోపల మా ఆయన లేవకుండా, చిన్న గొంతుతో మొత్తం చదివింది. నిజం చెప్పవద్దూ, నాకు కూడా మధ్యలో కోపం మరుపుకు వచ్చింది. మా అత్తగారు గోడకు ఆనుకుని, చివరి వాక్యం దాకా కదలకుండా విన్నారు.

అయిపోయాక ఆమె కాగితాలు దొంతి చేసి, “మిగతాది కూడా రాసుకొస్తాను” అన్నది.

అయ్యా, మా అత్తగారు గడప దాటే ఎవరినైనా, అప్పుల వాడినైనా, “వెళ్ళిరా” అనే సాగనంపుతారు. ఆమెను మాత్రం “ఇంక వెళ్ళమ్మా” అన్నారు. ఆమెకు అర్థమైంది. చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.