ఒక్క సెన్సార్, రెండు చెరువులు

మంగళవారం రాత్రి, మచిలీపట్నం

బగ్ దొరికింది. కృత్తివెన్నులో పోతురాజు గారి రొయ్యల చెరువు దగ్గర, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు నడిపే మా కంట్రోల్ బాక్స్ ఎందుకు ఆగిపోయిందో ఇవాళ తేలింది. ఆయనా ఆయన బావమరిదీ ఆక్సిజన్ చూసే సెన్సార్ ఒక్కటే కొనుక్కుని, రెండు చెరువులకీ వంతులేసుకుని వాడుకుంటున్నారు. బాక్స్ ఆన్‌లో ఉండగానే పీకి పట్టుకెళ్తారు. బాక్స్ సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోని సెన్సార్ల లిస్టులోంచి ఒక కోడ్ దాన్ని తీసేస్తుంటే, అదే క్షణంలో ఇంకో కోడ్ రీడింగ్ కోసం అక్కడికే వెళ్తోంది. అక్కడేముంది, నల్ పాయింటర్, అంటే ఏమీ లేని చిరునామా. బాక్స్ క్రాష్ అయింది, ఏరేటర్లు ఆగాయి, ఊపిరాడక చాలా రొయ్యలు పోయాయి.

"సెన్సార్ పీకొద్దని మాన్యువల్లో రాసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు మా మేనేజర్. ఒళ్ళు మండింది. ఉన్నదాన్ని పంచుకోవడం కూడా వాళ్ళ తప్పేనా? లిస్టుకి లాక్ పెట్టాను, ఒకటి చదువుతుండగా ఇంకొకటి తీసేయకుండా. సాయంత్రం దాకా నేనే సెన్సార్ పీకుతూ పెడుతూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ సంతోషంలో పోతురాజు గారికి ఫోన్ చేశాను. "తప్పు మా కోడ్‌దేనండీ. ఇక ఎప్పుడు కావాలన్నా తీసి మీ బావమరిది గారికి ఇవ్వొచ్చు" అన్నాను.



"వాడు పీకబట్టే నా పంట పోయిందని నలుగురిలో అనేశానండీ. ఇప్పుడు నేను ఇస్తానంటే మాత్రం వాడు తీసుకుంటాడా?"

బాక్స్‌కి అప్‌డేట్ పంపానని చెప్పాను.