బోర్డు పోలేదు

రామాంజులన్నకు,

నాకోసం కొత్త ల్యాప్‌టాప్ కొనవద్దు. పాతదే పనిచేస్తోంది. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే సలహాలు మొదలుపెడతావు, అందుకే రాస్తున్నాను.

స్విచ్ నొక్కితే కంపెనీ బొమ్మ వచ్చేది, అంతలోనే తెర నల్లబడి మళ్లీ మొదటికొచ్చేది. ధర్మవరంలో షాపతను చూసి, "బోర్డు పోయిండాదమ్మా, ఇంగ పడేయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సొంతంగా గీసిన నా మొదటి చీర అంచు అందులోనే ఉంది, ఇంకెక్కడా దాచుకోలేదు. నాయనేమో, "నీ పెట్టె తెరుచుకోకపోతే పాత అంచే నేస్తా" అని చెప్పేశాడు.

అది అప్పుడప్పుడూ పూర్తిగా తెరుచుకునేది, కానీ అంచును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేలోపే ఆరిపోయేది. బోర్డే పోతే అలా ఎందుకు తెరుచుకుంటుంది? వెనక స్క్రూలు విప్పాను. అమ్మ పక్కనే నిలబడి, "ఇప్పినావు సరే, మల్లా మూసేకి వస్తాదా నీకి?" అంది. ఫ్యాను నిండా ఎర్రదుమ్ము, పట్టు నూగు. శుభ్రం చేసినా ఏమీ మారలేదు. తర్వాత లోపలున్న రెండు ర్యామ్ కార్డులూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. మొదటిదానితో అదే తంతు. రెండోదానితో తెర నిలిచింది. అంచును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే అన్నం తిన్నాను.

నిన్నటికి ఆ అంచు మగ్గం మీద జానెడు పడింది. నాయన మగ్గం ఆపి, పక్కింటి ఓబిలేష్ మామను పిలిచి, "ఇట్ల చూడప్పా, ఇది మా పాప గీసిండేది" అన్నాడు. నా పని గురించి ఆయన బయటివాళ్లకు చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

ఈ పొద్దున రెండో అంచు గీయడం మొదలుపెట్టాను.

నీ చెల్లెలు