తొమ్మిది సెకన్లు ఆగిన బొమ్మ

ఎమ్మిగనూరు,
18 ఫిబ్రవరి 2025, మంగళవారం.

ప్రియమైన జీవితకు,

నీ మధులత నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. బద్వేలులో అమ్మ, నాన్న, నువ్వు, పవిత్ర ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నా నంబరును నువ్వు బ్లాక్ చేశావు కాబట్టి చివరికి కాగితం మీదికి దిగాను. కడప హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం కదా, ఆ చనువుతో అడుగుతున్నా. చించెయ్యకుండా చివరిదాకా చదువు. తిట్టాలనుకుంటే ఆ తర్వాత తిట్టు.

దొరికింది జీవితా, దొరికింది! అక్షరాలు ఎలా పరుగెడుతున్నాయో నువ్వే చూడు.

ఐదో తేదీన నువ్వు పెట్టిన మెసేజ్ నాకు కంఠతా వచ్చేసింది. "మా చెల్లి సరేనంటే మీ తమ్ముడు తల దించుకుని ఫోన్ కట్ చేసి పోతాడా? ఇంత అవమానం చేయడానికేనా అడిగింది?" అని రాశావు. అది చదివి నేను తికమకపడ్డాను. ఎందుకంటే వాళ్లిద్దరూ వీడియో కాల్లో మాట్లాడుకున్న ఆదివారం నుంచీ మా ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. తమ్ముడు ఓబుళేశు ఫోన్ ఆపేసి బట్టల పెట్టెలో పడేశాడు. మగ్గంలో కూర్చుంటాడు గానీ చెయ్యి ఆడదు. అమ్మ నా దగ్గరికొచ్చి, "వానికేమైందో కనుక్కోమ్మే, రెండు ముద్దలు గూడా తినకుండా లేస్తాండాడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను అడిగితే వాడు చేతులతో చెప్పింది ఇంతే: అడిగాను, ఆమె కదలకుండా కూర్చుంది, ఇష్టం లేదు.

పవిత్ర అబద్ధం చెప్పదు. మా తమ్ముడూ చెప్పడు. మరి వాళ్లిద్దరి మధ్యలో ఏముంది? మా ఇంటి గోడలకు నేను తగిలించిన మూడు తెల్ల డబ్బాలు!

నీకు ఆ సంగతి చెప్పలేదు కదా. మా ఇల్లు రైలుపెట్టెలాగా పొడుగ్గా ఉంటుంది, మూరెడు మందం రాతి గోడలు. వీధి గదిలో వైఫై పెడితే మగ్గాల గదికి అందదు. అందుకని మూడు చోట్ల మూడు రౌటర్లు పెట్టాను. ఫోన్ పట్టుకుని నడుస్తుంటే ఒక డబ్బా మనల్ని రెండో డబ్బాకు అప్పగిస్తుంది. వీటిని ఒక కంపెనీ నాకు పరీక్షకు పంపింది. వాటిని నడిపే ఫర్మ్‌వేర్ కొత్తది తయారైనప్పుడల్లా, అందరికీ ఇవ్వకముందే మాలాంటి కొందరి ఇళ్లలో వేసి చూస్తారు. వారం వాడి, వాళ్ల ఫారం నింపి పంపాలి. అందులో ఒక ప్రశ్న: గది మారినప్పుడు ఫోన్లో మాట తెగిందా? నేను తెగలేదని టిక్కు పెడుతూ వచ్చాను. నిజంగానే తెగలేదు మరి!

గుచ్చి గుచ్చి అడిగితే తేలింది: ఆ ఆదివారం ఓబుళేశు పవిత్రకు కొత్త చీర చూపిస్తానని ఫోన్ పట్టుకుని వీధి గది నుంచి మగ్గాల గదికి నడిచాడట. ఫోన్‌ను మగ్గానికి ఆనించి, ఈ ఇంటికి వస్తావా అని అడిగాడట. సరిగ్గా డబ్బా మారే చోటు అది.

నీ మెసేజ్ తర్వాతి శనివారం కర్నూలులో ఉన్న సాయిప్రసాద్‌ను పట్టుకున్నాను. ఓబుళేశుతో బధిరుల బడిలో చదువుకున్నాడు. రెండు వైపులా రికార్డు చేద్దామన్నాను. నేను సైగలు చేస్తూ వీధి గది నుంచి మగ్గాల దాకా నడవడం, మళ్లీ వెనక్కి రావడం, మళ్లీ నడవడం. మా నాన్న చూసి చూసి, "ఏం మ్మే, పొద్దున్నుంచీ ఫోను పట్టుకోని ఇల్లంతా తిరుగుతాండావు, తిక్క పట్టిందా?" అన్నాడు. పట్టింది నాన్నా అన్నాను.

పన్నెండోసారి దొరికింది! నా ఫోన్లో సాయిప్రసాద్ ఒళ్లో చేతులు పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. బొమ్మ చెదరలేదు, నెట్ ఆగితే వచ్చే గుండ్రం తిరగలేదు, అతని వెనక ఫ్యాను చప్పుడు కూడా ఆగకుండా వినిపిస్తోంది. అచ్చం మనిషి కదలకుండా కూర్చున్నట్టే ఉంది. తొమ్మిది సెకన్లు! అతని వైపు రికార్డు తెప్పించి చూస్తే, ఆ తొమ్మిది సెకన్లూ అతను రెండు చేతులతో ఏదో జోకు చెప్తూనే ఉన్నాడు. నేనేమో రాయిలాగా చూస్తున్నానట.

అర్థమైందా జీవితా? డబ్బా మారేటప్పుడు మాట తెగకూడదని ఆ కొత్త ఫర్మ్‌వేర్ అవతలి నుంచి వచ్చే బొమ్మను ఆపి పెడుతోంది. వినేవాళ్లకు నష్టం లేదు. పవిత్రకూ ఓబుళేశుకూ ఆ బొమ్మే మాట! పవిత్ర సరేనన్నది. మా వాడికి కనబడింది ఒళ్లో పెట్టుకున్న చేతులు. ఐదారు క్షణాలు చూసి తట్టుకోలేక తల దించేశాడు.

కంపెనీకి రాస్తే, మాట తెగలేదు కాబట్టి ఇది లోపం కిందికి రాదని సోమవారం జవాబు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి, మా ఇంట్లో ఒక మనిషి చేతులతో మాట్లాడతాడు, మీరు అతని మాటే తెంపారు అని రాసి మళ్లీ పంపాను. బుధవారం జయకుమార్ అనే ఇంజనీరు స్వయంగా ఫోన్ చేశాడు. రెండు రికార్డింగులూ చూశానన్నాడు. తర్వాత, "మేం వందల ఇళ్లలో చూశామండీ, ఈ ప్రశ్న అడగాలని మాకు తోచలేదు" అన్నాడు.

నిన్న పొద్దున సరిచేసిన ఫర్మ్‌వేర్ వచ్చింది! నలభై ఒక్కసార్లు నడిచాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కాళ్లు నొప్పులు, ముఖం నిండా నవ్వు. ఫారంలో కొత్త ప్రశ్న చేర్చారు, బొమ్మ ఆగిందా అని. ఇక ఏ ఇంట్లోనూ ఎవరి జవాబూ ఇలా మాయం కాదు. నాకైతే ఎగిరి గంతేయాలనుంది.

రికార్డింగులు రెండూ చిన్న పెన్‌డ్రైవులో వేసి ఇందులో పెట్టాను. ముందు నువ్వు చూడు, తర్వాత పవిత్రకు చూపించు. ఓబుళేశు ఆమెను అలుసు చేయలేదు. ఆమె కాదన్నదనుకుని కుమిలిపోయాడు. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఎప్పటికీ నీ స్నేహితురాలు,
మధులత

తా.క. కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. ఒక నిజం దాచాను. పవిత్ర సరేనన్న సంగతి ఓబుళేశుకు ఇంకా తెలియదు. నేను చెప్పలేదు. మొదట భయం వల్ల. ఆ పాడు ఫర్మ్‌వేర్‌ను ఇంట్లోకి తెచ్చింది నేనే కదా, వాడి ముఖం చూడలేకపోయాను. సాయిప్రసాద్‌తో కూడా ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు భయం పోయింది. ఈ కవరు పోస్టులో వేసి వచ్చి నా తప్పు చెప్పేస్తాను, బొమ్మ ఆగిపోయిందనీ చెప్తాను. ఆ తొమ్మిది సెకన్లలో పవిత్ర ఏమన్నదో మాత్రం చెప్పను. అది నా చేతుల్లో చూడాల్సిన మాట కాదు. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి వాడి ఫోన్ తెరిపించి మగ్గం దగ్గర కూర్చోబెడతాను. ఆమె మనసు మారకపోయి ఉంటే, ఒక్కసారి వీడియో కాల్ చేసి ఆ మాట మళ్లీ చెప్పమను.