గోదారి దాటిన జింకలు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. లక్సెట్టిపేట ఒడ్డున పంపుహౌజ్ గోడ నిండ నీ జింకలను గీసిన. ఎండకాలం అవి మందలు మందలుగ గోదారి ఇసుకల నడిచి అవతలి అడవికి పోయేటియని నువ్వు చెప్తే, ఊరంత కోతలని నవ్విండ్రు. కింద ఆనకట్ట కట్టి నదిల నీళ్లు నిలిచినంక అవి రాలే, మేము చూడలే. నువ్వు చెప్పినట్టే గీసిన: ముంగట పెద్ద మగజింక, ఎన్క పిల్లతల్లులు.

రంగు ఆరకముందే, అవతలి ఒడ్డు నుంచి పడవల వచ్చిన ముసలమ్మ గోడ ముంగట ఆగింది. "అగో, గిట్లనే దాటేటియి! నా చిన్నప్పుడు చూసిన," అన్నది. నవ్వినోళ్ల ముంగటనే, ఇవి మా బాపు చూసి చెప్పినయని ఆమెకు చెప్పిన.

బొమ్మ కింద నా పేరు రాయవోతే ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "చూసినాయన పేరు రాయ్ బిడ్డా."

నీ పేరే రాసిన బాపూ, అవతలి ఒడ్డుకు కనవడేటంత పెద్దగ.