ఆయిల్ పూసింది నేనే

తాతయ్యా,

పిండిమరకు వెళ్తున్నాను. మీ సద్జా, ఆ మొక్కజొన్న పిండి ముద్ద, పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. మన ముసలి కుక్క ముచనేతకు సీసాలోని మందు షాంపూతో స్నానం చేయించండి. నురుగును పది నిమిషాలు ఉంచి కడగండి. చెవుల మడతలు, కాలివేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవండి. తడి మిగిలితే దురద మళ్లీ మొదలవుతుంది.

అది ఆయిల్‌లో పొర్లిందని మీతో అబద్ధం చెప్పాను. గజ్జి అనుకుని, ఊళ్లో అందరూ చేసినట్టే పాత ట్రాక్టరు ఆయిల్ నేనే పూశాను. నిన్న మీరు లేనప్పుడు పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "గజ్జి కాదమ్మాయ్, ఫంగస్. ముసలి కుక్కనుకున్నావా, పాత ట్రాక్టరనుకున్నావా?" అన్నాడు. ఆ మందు షాంపూ ఆయనే ఇచ్చాడు.

నా మాట నమ్మి మీరు దాన్ని బయట కట్టేశారు. నేను నోరు విప్పలేదు. దాన్ని మళ్లీ మీ మంచం దగ్గరికి రానివ్వండి.

న్యారాయ్

ఇప్పుడు బయల్దేరుతుంటే ముచనేత నా చేయి నాకింది. ఆయిల్ పూసింది ఆ చేత్తోనే.